చరిత్ర పరిశోధనలో విశ్వవిద్యాలయ గ్రంథాలయ వనరుల వినియోగం: మెకంజీ కైఫీయతులు ఒక ఉదాహరణ

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- ఒక చారిత్రక ఆధారం గ్రంథాలయానికి ఎలా చేరుతుందో, ఆ ప్రయాణంలో ఎవరెవరి చేతులు పడతాయో వివరించగలుగుతారు.
- కేటలాగు, వివరణ సూచిక, సంగ్రహం, మూల ప్రతి మధ్య గల భేదాన్ని గుర్తించగలుగుతారు.
- మీ గ్రామం లేదా మండలం చరిత్రకు సంబంధించిన ఆధారాలను గ్రంథాలయంలో క్రమపద్ధతిలో వెతకగలుగుతారు.
- దొరికిన ఆధారంలోని తేదీలను, వాదాలను ఇతర ఆధారాలతో పోల్చి పరీక్షించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర పరిశోధన గ్రంథాలయంలో మొదలవుతుందని అందరూ అంటారు. కాని గ్రంథాలయానికి వెళ్ళిన కొత్త పరిశోధక విద్యార్థి సాధారణంగా ఏం చేస్తాడు? తన అంశంపై ఉన్న నాలుగైదు పుస్తకాలు తీసుకుని, వాటిలోని విషయాన్ని తన మాటల్లో రాసుకుంటాడు. ఆ పుస్తకాలు ఏ ఆధారాల మీద నిలబడ్డాయో చూడడు. అలా రాసినది చక్కని వ్యాసం కావచ్చు కాని పరిశోధన కాదు.

గ్రంథాలయంలోని ప్రతి ఆధారానికీ ఒక చరిత్ర ఉంటుంది. దాన్ని ఒకరు సేకరించారు, ఒకరు జాబితాలో చేర్చారు, మరొకరు నకలు తీశారు, ఇంకొకరు అచ్చు వేశారు. వీరిలో ప్రతి ఒక్కరూ కొంత ఉంచారు, కొంత వదిలారు. ఆ చేతులను గుర్తించగలిగిన విద్యార్థే ఆధారాన్ని సరిగా వాడుకోగలుగుతాడు. ఈ విషయాన్ని వివరించడానికి తెలుగు ప్రాంతాల చరిత్రకు అత్యంత సన్నిహితమైన ఒక సేకరణను ఇక్కడ ఉదాహరణగా తీసుకుందాం. అదే మెకంజీ సేకరణ, అందులోని గ్రామ కైఫీయతులు.

2. ఒక సేకరణ గ్రంథాలయానికి చేరిన తీరు

2.1 సేకరణ

కాలిన్ మెకంజీ స్కాట్లండ్‌కు చెందిన సైనిక ఇంజనీరు. 1783లో మద్రాసు చేరాడు. 1799లో టిప్పు సుల్తాను పతనం తరువాత మైసూరు సర్వేకు నాయకత్వం వహించాడు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. భూమిని కొలిచే పనితో పాటు ఊరి చరిత్ర, దేవాలయాలు, శాసనాలు, నాణేలు, కావ్యాలు సేకరించే పనిని కూడా ఆయన సాగించాడు.

అయితే మెకంజీకి దక్షిణాది భాషలు రావు. ఆ పని నడిపించినవారు ఆయన దగ్గర పనిచేసిన భారతీయ సహాయకులు. వారిలో ముఖ్యులు ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య పాత శాసనాల లిపిని చదవడంలో నేర్పు సంపాదించి, 1803లో చిన్న వయసులోనే మరణించాడు. ఆ తరువాత సేకరణ భారమంతా లక్ష్మయ్య మోశాడు. ఆయన పంపిన ఉద్యోగులు ఊరూరా తిరిగి కరణాలను, అర్చకులను, వృద్ధులను కలిసి వివరాలు రాయించుకున్నారు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, ఏయే రాజులు పాలించారు, దేవాలయానికి ఎవరు ఏ మాన్యం ఇచ్చారు, పొలిమేరలు ఏమిటి, ఏ పంటలు పండుతాయి వంటి విషయాలు అందులో ఉంటాయి. ఇలాంటి నివేదికనే కైఫీయతు అంటారు. స్థితి, వివరం అని ఆ మాటకు అర్థం. కరణాల ఇళ్ళలో తరతరాలుగా ఉంటూ వచ్చిన కవిలెలు వీటిలో చాలావాటికి ఆధారం.

1821లో మెకంజీ కలకత్తాలో మరణించాడు. ఆయన భార్యకు లక్ష రూపాయలు చెల్లించి కంపెనీ ప్రభుత్వం ఈ సేకరణను కొన్నది.

2.2 కేటలాగు

సేకరణ గుట్టగా పడి ఉంటే అది పరిశోధకుడికి పనికిరాదు. దేన్ని ఎక్కడ చూడాలో చెప్పే జాబితా కావాలి. ఆ పనిని సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ చేపట్టి 1828లో కలకత్తాలో వివరణ సూచికను ప్రచురించాడు. అందులోని లెక్క ప్రకారం సేకరణలో 8,076 శాసనాల నకళ్ళు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 6,218 నాణేలు ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. విల్సన్‌కు తెలుగు, తమిళ, కన్నడ భాషలు తెలియవు. సహాయకులు ఆంగ్లంలో తయారుచేసి ఇచ్చిన సారాంశాల ఆధారంగా ఆయన సూచికను కూర్చాడు. అంటే ఒక తెలుగు కైఫీయతు గురించి ఆ సూచికలో మీరు చదివే రెండు వాక్యాలు కరణం చెప్పినవాటికి ఉద్యోగి రాసిన నివేదిక, దానికి మరొకరు చేసిన ఆంగ్ల సంగ్రహం, దాన్ని విల్సన్ కుదించిన రూపం. మూలానికి అది నాలుగో మెట్టు. సూచికలో లేని విషయం మూలంలో లేదనుకోవడం పెద్ద పొరపాటు.

మెకంజీ మరణించాక, ఈ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ప్రభుత్వాన్ని కోరాడు. సేకరణ గురించి ఆయనకు తెలిసినంత మరెవరికీ తెలియదు. అయినా 1830లలో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఆ ప్రతిపాదనను తిరస్కరించింది. అంతటి విమర్శనాత్మక కృషికి భారతీయుడు తగడన్నదే దానికి కారణం. ఆ పని విలియం టేలర్ అనే మతబోధకుడికి దక్కింది. టేలర్ 1857 నుంచి 1862 మధ్య మూడు సంపుటాల సూచికను వెలువరించాడు. ఒక సేకరణను ఎవరు వర్ణిస్తారు అన్నది అధికారానికి సంబంధించిన ప్రశ్న కూడా అని ఈ ఉదంతం చూపుతుంది. లక్ష్మయ్య ఆ సూచికను రాసి ఉంటే ఏ వృత్తాంతానికి ఎంత ప్రాధాన్యం దక్కేదో ఇప్పుడు చెప్పలేం. కాని టేలర్ అభిప్రాయాలను సేకరణ స్వరూపంగా పొరబడకుండా ఉండడం మన చేతిలో ఉన్న పని.

2.3 విభజన, నకళ్ళు, పరిరక్షణ

ఈ సేకరణ ఒకచోట నిలవలేదు. కొంత భాగం లండన్‌కు వెళ్ళింది. చిత్రాలు, ఆంగ్ల అనువాదాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. దక్షిణాది భాషల రాతప్రతులు 1828లో మద్రాసు చేరాయి. అందువల్ల ఒక దేవాలయానికి సంబంధించిన కైఫీయతు చెన్నైలో, దాని చిత్రం లండన్‌లో ఉండవచ్చు.

మద్రాసు చేరిన కాగితాలు తేమకు, పురుగులకు గురై శిథిలం కాసాగాయి. అప్పుడు సి.పి. బ్రౌన్ పూనుకొని వాటికి నకళ్ళు తీయించాడు. ఆ నకళ్ళే ‘లోకల్ రికార్డ్స్’ పేరుతో ప్రసిద్ధమయ్యాయి. మెకంజీ, లైడెన్, బ్రౌన్ సేకరణలు కలిసి మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి. ఈ సంస్థ 1869లో ఏర్పడింది. చాలాకాలం ఇది చేపాక్‌లోని మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలోనే పనిచేసింది. దీనివల్ల అచ్చు పుస్తకాలు, రాతప్రతులు పరిశోధకులకు దాదాపు ఒకేచోట అందుబాటులోకి వచ్చాయి.

2.4 పరిశోధన, ప్రచురణ

ఆ సౌకర్యం ఫలితాలు చరిత్ర రచనలో కనిపిస్తాయి. మద్రాసు విశ్వవిద్యాలయంలో చరిత్రాచార్యుడైన ఎస్. కృష్ణస్వామి అయ్యంగార్ 1919లో విజయనగర చరిత్ర ఆధారాల సంకలనాన్ని ప్రచురించాడు. సంస్కృత, తెలుగు కావ్యాల్లో చారిత్రక విలువ గల భాగాలను అందులో ఏరి కూర్చాడు. 1946లో కె.ఎ. నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య మరిన్ని ఆధారాలతో మూడు సంపుటాలు వెలువరించారు. అప్పటివరకు శాసనాల నుంచి, విదేశీ యాత్రికుల రచనల నుంచి తెలిసిన విజయనగర చరిత్రకు ఈ కృషి స్థానిక వృత్తాంతాల దన్ను చేకూర్చింది. మెకంజీ రాతప్రతుల సంగ్రహాలను టి.వి. మహాలింగం సంపాదకత్వంలో మద్రాసు విశ్వవిద్యాలయమే ప్రచురించింది. వాటిలో 1976 నాటి రెండో సంపుటిలో తెలుగు, కన్నడ, మరాఠీ ప్రతుల సంగ్రహాలున్నాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయతులను తెలుగులో సంపుటాలుగా తెచ్చింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. కైఫీయతు అంటే ఏమిటి? దానికి ఆధారమైన గ్రామ పత్రాలేవి?
2. విల్సన్ సూచికను వాడేటప్పుడు ఎందుకు జాగ్రత్త అవసరం?

3. పాఠకుడికి తెరుచుకున్న గ్రంథాలయం

వనరులు ఉన్నంత మాత్రాన అవి పాఠకుడికి అందవు. పూర్వం చాలా గ్రంథాలయాల్లో పుస్తకాలు తాళం వేసిన బీరువాల్లో ఉండేవి. పాఠకుడు చీటీ రాసి ఇస్తే ఉద్యోగి వెతికి తెచ్చేవాడు. పుస్తకం పేరు ముందే తెలిసినవారికి మాత్రమే ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. కొత్తగా పరిశోధన ప్రారంభించే విద్యార్థికి పేర్లే తెలియవు.

ఈ పరిస్థితిని మార్చినవారిలో ప్రముఖుడు ఎస్.ఆర్. రంగనాథన్. గణిత అధ్యాపకుడైన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి గ్రంథాలయాధికారిగా నియమితుడయ్యాడు. లండన్‌లో శిక్షణ పొంది, అక్కడి గ్రంథాలయాలను పరిశీలించి 1925లో తిరిగి వచ్చాడు. అరల మధ్యకు పాఠకుడు స్వయంగా వెళ్ళి పుస్తకం ఎంచుకునే పద్ధతిని ఆచరణలో పెట్టాడు. పాఠకుడికి వెతకడంలో తోడ్పడే అనులయ సేవకు ప్రాధాన్యమిచ్చాడు. 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలను, 1933లో ద్విబిందు వర్గీకరణను ప్రచురించాడు. పాఠకుడి కాలం వృథా కాకూడదన్నది ఆ పంచసూత్రాల్లో ఒకటి.

చరిత్ర విద్యార్థికి దీనిలో ఒక పాఠం ఉంది. వర్గీకరణ సంఖ్య పుస్తకానికి అతికించిన గుర్తు మాత్రమే కాదు, ఒకే విషయానికి చెందిన పుస్తకాలను పక్కపక్కన నిలిపే ఏర్పాటు. డ్యూయీ పద్ధతిని అనుసరించే గ్రంథాలయంలో భారతదేశ చరిత్ర 954 కింద ఉంటుంది. అయితే కావ్యాల పీఠికలు, అవతారికల్లోని చరిత్ర తెలుగు సాహిత్యానికి కేటాయించిన 894.827 కింద దొరుకుతుంది. శాసన సంపుటాలు, జిల్లా మాన్యువల్‌లు మరోచోట ఉండవచ్చు. కాబట్టి ఒక్క అర దగ్గర ఆగకూడదు.

4. వెతికే పద్ధతి

మీ సొంత గ్రామం లేదా తాలూకా చరిత్రపై ప్రాజెక్టు నివేదిక రాయాలనుకుందాం. కింది క్రమం ఉపయోగపడుతుంది.

మొదటి మెట్టు: పేర్ల పట్టిక. కేటలాగులో వెతికే ముందు మీ ప్రాంతానికి గల పాత పేర్లు, పాత ఆంగ్ల వర్ణక్రమాలు రాసుకోండి. పాత పుస్తకాల్లో విజయవాడ బెజవాడగా, మచిలీపట్నం మసూలిపటంగా, కాకినాడ కొకనాడగా కనిపిస్తాయి. ఏలూరు ఎల్లూరు, ఎల్లోర్ అన్న రూపాల్లో ఉంటుంది. ఎల్లోరా గుహలతో దాన్ని కలిపేసుకోకూడదు. జిల్లాల సరిహద్దులు కూడా మారాయి. ఇప్పటి ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది కాబట్టి అక్కడి గ్రామాల పాత వివరాలు గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల పుస్తకాల్లో ఉంటాయి. కైఫీయతు అన్న మాటను కూడా కైఫియతు, కైఫియ్యతు, కైఫియత్ అని పలు రకాలుగా రాశారు. అన్ని రూపాలతోనూ వెతకాలి.

రెండో మెట్టు: కర్త పేరును నిర్ధారించుకోవడం. కేటలాగులో మెకంజీ అని వెతికితే కృష్ణా జిల్లా మాన్యువల్ (1883) కూడా వస్తుంది. దాన్ని రాసినది గోర్డన్ మెకంజీ, కాలిన్ మెకంజీ కాదు. ఇద్దరి మధ్య అరవై ఏళ్ళకు పైగా అంతరం ఉంది. పూర్తి పేరు, ప్రచురణ సంవత్సరం చూడకుండా రాసుకున్న పాదసూచిక ఇలాంటి చోటే తప్పుతుంది.

మూడో మెట్టు: ద్వితీయ ఆధారం నుంచి ప్రాథమిక ఆధారానికి వెనక్కి నడవడం. మీ ప్రాంతం గురించి మంచి గ్రంథం ఒకటి చదవండి. దాని పాదసూచికల్లో ఏయే శాసన సంపుటాలు, ఏ రాతప్రతులు ఉన్నాయో ఒక పుస్తకంలో దించుకోండి. తెలుగు ప్రాంతాలకు సంబంధించి బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కూర్చిన నెల్లూరు శాసనాలు (1905), దక్షిణ భారత శాసనాల పదో సంపుటం (1948) తరచు కనిపిస్తాయి. రాబర్ట్ సీవెల్ 1880లలో తయారుచేసిన పురావస్తు జాబితాలు ఏ ఊళ్ళో ఏ శాసనం ఉందో చెబుతాయి. ఈ సంపుటాల చివర ఉండే ఊళ్ళ అనుక్రమణికను ముందుగా చూడండి.

నాలుగో మెట్టు: సిద్ధాంత వ్యాసాలు. మీ అంశంపై ఇప్పటికే ఎవరైనా ఎం.ఫిల్., పిహెచ్.డి. చేశారేమో చూడాలి. భారతీయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలను ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగలో ఉచితంగా చదవవచ్చు. వాటిలోని ఆధార గ్రంథాల పట్టిక మీకు చాలా రోజుల శ్రమ తగ్గిస్తుంది. అయితే ఆ పట్టికను నకలు చేసి మీ నివేదికలో పెట్టడం నిజాయితీ కాదు. మీరు స్వయంగా చూసినవాటినే చూసినట్టు పేర్కొనాలి.

ఐదో మెట్టు: మూల ప్రతి. సంగ్రహంలో మీ ఊరి ప్రస్తావన కనిపిస్తే దాని ప్రతి సంఖ్య, సంపుటి సంఖ్య, పుట సంఖ్య రాసుకుని భాండాగారాన్ని సంప్రదించండి. వెళ్ళేటప్పుడు మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన పరిచయ పత్రం, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. ప్రతిని చూసినప్పుడు అది మూలమా, బ్రౌన్ తీయించిన నకలా, ఆ తరువాతి నకలా అన్నది నమోదు చేసుకోండి.

5. దొరికిన ఆధారాన్ని పరీక్షించడం

ఆధారం చేతికి రావడంతో సగం పనే పూర్తయింది. కైఫీయతులోని తేదీల విషయమే తీసుకోండి. వాటిలో శాలివాహన శకం, ఫసలీ, ప్రభవాది నామ సంవత్సరాలు కలిసి కనిపిస్తాయి. శక సంవత్సరానికి 78, ఫసలీకి 590 కలిపితే స్థూలంగా క్రీస్తు శకం వస్తుంది. నామ సంవత్సరం ఒక్కటే ఉంటే చిక్కు. ఉదాహరణకు శుక్ల నామ సంవత్సరం 1509లో వచ్చింది, మళ్ళీ 1569లో వచ్చింది. మొదటిది కృష్ణదేవరాయలు రాజ్యానికి వచ్చిన సంవత్సరం. రెండోది 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాతి కాలం. శుక్ల సంవత్సరంలో రాయలవారు మాన్యమిచ్చారని మాత్రమే ఉంటే, ఏ రాయలో తేలేవరకు ఆ వాక్యం మీద నిర్ణయం కట్టకూడదు.

ఇక వాదాల సంగతి. గుంటూరు ప్రాంతపు అనేక కైఫీయతుల్లో ఒకే కథనం కనిపిస్తుంది. కాకతి గణపతిదేవుని మంత్రి గోపరాజు రామన్న శక 1067లో సూర్యగ్రహణ పుణ్యకాలాన గ్రామాల కరణీకపు మిరాసీలను నియోగులకు ఇచ్చాడని దాని సారాంశం. శక 1067 అంటే క్రీ.శ. 1145. శాసనాల ప్రకారం గణపతిదేవుడు 1199లో రాజ్యానికి వచ్చాడు. తేదీ, రాజు రెండూ కుదరవు.

అంతమాత్రాన ఆ కైఫీయతును పక్కన పడేయాలా? అక్కర్లేదు. ప్రశ్న మార్చాలి. పన్నెండో శతాబ్దంలో ఏం జరిగిందన్న ప్రశ్నకు అది బలహీనమైన ఆధారం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కరణాలు తమ హక్కును ఎలా చెప్పుకున్నారన్న ప్రశ్నకు మాత్రం అది బలమైన ఆధారం. వివరాలు అడగడానికి వచ్చినవాడు కంపెనీ సర్కారు మనిషి. మాన్యాలు, మిరాసీలు నిలుస్తాయో పోతాయో తెలియని రోజులవి. తమ హక్కు కాకతీయుల నాటిదని నమోదు చేయించుకోవడంలో కరణం కుటుంబాలకు ప్రయోజనం ఉంది. అదే ఊళ్ళో మాల మాదిగల మాట, కౌలు రైతుల మాట, స్త్రీల మాట ఆ కాగితంలోకి ఎంతవరకు వచ్చిందన్నది మరో ప్రశ్న. కవిలె ఎవరి చేతిలో ఉందో వారి ఊరే కైఫీయతులో ప్రధానంగా కనిపిస్తుంది. దీన్ని గుర్తించని పరిశోధకుడు కరణం వాదాన్నే ఊరి చరిత్రగా రాసే ప్రమాదం ఉంది.

కాబట్టి కైఫీయతులోని ప్రతి ముఖ్య విషయాన్ని శాసనంతో, కావ్యంతో, రెవెన్యూ పత్రాలతో పోల్చండి. మూడూ ఏకీభవిస్తే రాయండి. విభేదిస్తే ఆ విభేదాన్నే రాసి, దానికి కారణం వివరించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. నామ సంవత్సరం ఒక్కటే ఉన్న ఆధారంతో వచ్చే ఇబ్బంది ఏమిటి?
2. తేదీ తప్పిన కైఫీయతు కూడా చరిత్రకారుడికి ఎలా ఉపయోగపడుతుంది?

6. దూరవిద్య విద్యార్థికి సూచనలు

ఉద్యోగం, సేద్యం, ఇంటి బాధ్యతల మధ్య చదువుకునే మీరు రోజూ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్ళలేకపోవచ్చు. అందుకే వెళ్ళే ముందు సిద్ధం కావడం మీకు ఇతరులకంటే ఎక్కువ అవసరం. ఇంటి దగ్గరే ఆన్‌లైన్ కేటలాగులో వెతికి, కావలసిన పుస్తకాల వర్గీకరణ సంఖ్యలు రాసుకుని వెళ్ళండి. కాపీరైట్ తీరిన పాత జిల్లా మాన్యువల్‌లు, శాసన సంపుటాలు చాలావరకు డిజిటల్ గ్రంథాలయాల్లో లభిస్తాయి. వాటిని ఇంటి దగ్గరే చదివి, మరెక్కడా దొరకని రాతప్రతుల కోసం, పరిమిత సంఖ్యలో అచ్చయిన సంపుటాల కోసం గ్రంథాలయ సమయాన్ని కేటాయించండి. గ్రంథాలయాధికారిని అడగడానికి సంకోచించవద్దు. మా ఊరి చరిత్ర కావాలి అనడం కన్నా, ఫలానా తాలూకా శాసనాలు ఏ సంపుటంలో ఉన్నాయి అని అడిగితే త్వరగా సమాధానం దొరుకుతుంది.

మీకు ఒక అనుకూలత కూడా ఉంది. కైఫీయతులో పేర్కొన్న చెరువు, పొలిమేర రాయి, గుడి మీ ఊళ్ళోనే ఉంటాయి. గ్రంథాలయంలో చదివినదాన్ని నేలమీద సరిచూసుకునే అవకాశం నగరంలోని పరిశోధకుడికంటే మీకే ఎక్కువ.

7. సారాంశం

కైఫీయతులు కరణాల కవిలెల నుంచి మెకంజీ ఉద్యోగుల కాగితాల్లోకి, అక్కడి నుంచి కలకత్తా, మద్రాసు, లండన్ భాండాగారాలకు, చివరకు అచ్చు సంపుటాల్లోకి చేరాయి. ప్రతి మజిలీలోనూ కొంత ఎంపిక, కొంత నష్టం జరిగాయి. కేటలాగు ఆధారానికి దారి చూపుతుంది కాని ఆధారానికి ప్రత్యామ్నాయం కాదు. పేర్ల రూపాంతరాలతో వెతకడం, పాదసూచికల ద్వారా మూలానికి చేరడం, తేదీలను, వాదాలను ఇతర ఆధారాలతో పోల్చడం పరిశోధకుడి ప్రాథమిక బాధ్యతలు.

8. పారిభాషిక పదాలు

కవిలె: గ్రామ లెక్కలు, వృత్తాంతాలు రాసి కరణాలు భద్రపరచిన పత్రాలు.
మిరాసీ: వంశపారంపర్యంగా వచ్చే ఉద్యోగ హక్కు లేదా భూమి హక్కు.
ఫసలీ: రెవెన్యూ లెక్కలకు వాడిన సంవత్సరం. జూలైలో మొదలవుతుంది.
అనులయ సేవ: కావలసిన సమాచారాన్ని వెతుక్కోవడంలో గ్రంథాలయ సిబ్బంది పాఠకుడికి అందించే తోడ్పాటు.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ. కింది వాటికి సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మెకంజీ సేకరణ రూపొందిన తీరును, అందులో భారతీయ సహాయకుల పాత్రను చర్చించండి.
2. గ్రామ చరిత్ర రచనలో కైఫీయతుల ఉపయోగాన్ని, పరిమితులను ఉదాహరణలతో వివరించండి.

ఆ. కింది వాటికి సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రంగనాథన్ కృషి పరిశోధక విద్యార్థికి ఎలా తోడ్పడింది?
2. ప్రాథమిక ఆధారానికి, దాని సంగ్రహానికి గల భేదమేమిటి?
3. మీ గ్రామానికి గల పాత పేర్లు, అది పూర్వం ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో తెలుసుకుని, గ్రంథాలయంలో వెతకడానికి ఒక పట్టిక తయారుచేయండి.